కొన్న ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ను ఫైర్‌వాల్‌లో ఎక్కించడం: ఫోర్టిగేట్ మీద మొదటి నుంచి చివరి దాకా

ఇంటి నుంచి ఆఫీసు వీపీఎన్‌లోకి (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్కుకు వేసే రహస్య దారిలోకి) వెళ్లబోయే ఉద్యోగికి తెర మీద "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అన్న హెచ్చరిక కనిపిస్తే, సాధారణంగా అతడు చేసేది ఒక్కటే: ఫర్వాలేదనుకుని ముందుకు నొక్కేయడం. రోజూ అలా నొక్కి నొక్కి అలవాటు పడ్డాక, మధ్యలో ఎవరైనా నిజంగానే దొంగ సర్వరు పెట్టిన రోజున కూడా అదే హెచ్చరిక వస్తుంది, ఆ చెయ్యి అదే బటన్ మీదికి పోతుంది. ఆఫీసు నెట్‌వర్కుకు కాపలా కాసే ఫైర్‌వాల్‌తో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి, బ్రౌజర్లు నమ్మే సంస్థ దగ్గర కొన్న సర్టిఫికెట్‌ను పెట్టుకోవడానికి అసలు కారణం ఇదే. కొన్నంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ బలమేమీ పెరగదు. అవతల ఉన్నది మన ఫైర్‌వాల్ పెట్టేనని ఉద్యోగి కంప్యూటరు తనంతట తాను తేల్చుకోగలుగుతుంది, అంతే.

ఈ మార్గదర్శిని ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సోఫోస్, సోనిక్‌వాల్, పాలో ఆల్టో, పీఎఫ్‌సెన్స్ వంటి వాటిలో మెనూల పేర్లు మారతాయే తప్ప పని వరస మారదు. మెనూల పేర్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. పరికరం మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, టైపు చేయవలసింది కూడా అలాగే.

మొదలు పెట్టే ముందు ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. మనం "సర్టిఫికెట్" అని ఏకవచనంలో అంటాం గానీ, ఫైర్‌వాల్ లోపల మూడు వస్తువులు ఒక్కచోట కలిస్తేనే పని జరుగుతుంది: రహస్యంగా ఉండే ప్రైవేట్ కీ, జారీ సంస్థ మన పేరు మీద సంతకం చేసి ఇచ్చిన సర్టిఫికెట్, ఆ సంతకాన్ని పైనున్న రూట్‌తో (బ్రౌజర్లు ముందే నమ్మి పెట్టుకున్న మూల సర్టిఫికెట్‌తో) ముడివేసే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్. ఈ పనిలో నేను చూసిన చిక్కుల్లో అత్యధికం కీ జత తప్పడం వల్లనో, ఇంటర్మీడియట్‌ను మరచిపోవడం వల్లనో వచ్చినవే.

కొనే ముందు తేల్చుకోవలసినవి

ఫోర్టిగేట్‌లో కొన్న సర్టిఫికెట్ ముఖ్యంగా నాలుగు చోట్ల పనికొస్తుంది: అడ్మిన్ లాగిన్ పేజీ, ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్, అతిథులకు వైఫై లాగిన్ చూపించే క్యాప్టివ్ పోర్టల్, ఇంకా లోపలున్న మన వెబ్ సర్వర్లకు బయటి నుంచి వచ్చే ట్రాఫిక్‌ను విప్పి తనిఖీ చేసే ప్రొఫైల్. వీటిలో ఏది కావాలో ముందే రాసి పెట్టుకోండి, ఎందుకంటే సర్టిఫికెట్‌లో ఉండవలసిన పేర్లు దాన్ని బట్టే తేలతాయి. ఒక మాట: ఫోర్టిగేట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఫోర్టీఓఎస్ 7.6.3 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ టన్నెల్ మోడ్‌ను తీసేశారు, అక్కడ ఐపీసెక్ అనే మరో రకం వీపీఎన్‌కు మారక తప్పదు. కనుక వీపీఎన్ కోసమే సర్టిఫికెట్ కొంటున్నవారు తమ పెట్టెలో ఏ వెర్షన్ నడుస్తోందో, త్వరలో దేనికి పోబోతున్నారో చూసుకుని గాని డబ్బు కట్టవద్దు.

ఐదో పని ఒకటుంది, దానికి మాత్రం కొన్న సర్టిఫికెట్ పనికిరాదు. ఉద్యోగులు బయటి వెబ్‌సైట్లకు వెళ్లినప్పుడు ఆ ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి చూసే డీప్ ఇన్‌స్పెక్షన్ అది. ఉద్యోగి తెరిచిన ప్రతి సైటుకూ ఫైర్‌వాల్ అప్పటికప్పుడు ఒక కొత్త సర్టిఫికెట్ తయారు చేసి చూపించాలి. అంటే ఇతరుల పేరు మీద సంతకం చేసే అధికారం దానికి ఉండాలి. బ్రౌజర్లు నమ్మే ఏ సంస్థా ఆ అధికారాన్ని అమ్మడానికి వీల్లేదు. ట్రస్ట్‌వేవ్ అనే జారీ సంస్థ ఇలాంటి పనికే ఒక కస్టమరుకు ఆ అధికారం ఇచ్చినట్టు 2012లో బయటపెట్టి, దాన్ని రద్దు చేసుకున్నప్పుడు పెద్ద దుమారమే లేచింది. డీప్ ఇన్‌స్పెక్షన్ కావాలంటే సర్టిఫికెట్లు జారీ చేసే సొంత ఏర్పాటు, అంటే సొంత సీఏ, పెట్టుకుని, దాని రూట్‌ను ఆఫీసు కంప్యూటర్లన్నింటిలో ఎక్కించడమే దారి. "కొన్నాం కదా, ఇన్‌స్పెక్షన్‌లో ఎందుకు కనిపించడం లేదు" అని అడిగేవారు నాకు ఏటా ఇద్దరు ముగ్గురైనా తగులుతారు.

ఇలాంటిదే మరో పొరపాటు మన ఆఫీసుల్లో తరచూ వింటాను: టెండర్లు వేయడానికి, రిటర్నులు దాఖలు చేయడానికి అకౌంట్స్ విభాగం దగ్గర ఉండే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ ఉంది కదా, దాన్నే వాడుకోవచ్చు కదా అని. అది మనిషి సంతకానికి ఇచ్చినది, ఇది సర్వరు పేరుకు ఇచ్చేది. ఒకదాని పని మరొకటి చేయదు.

పేరు ఎంచుకోవడం

సర్టిఫికెట్ పేరుకు ఇస్తారు, పెట్టెకు కాదు. కాబట్టి మీకు రెండు ఇంటర్నెట్ లైన్లు ఉండి, ఒకటి పడిపోతే రెండోది అందుకునే ఏర్పాటు ఉన్నా, రెండు లైన్ల ఐపీలకూ ఒకే పేరును చూపిస్తే ఒకే సర్టిఫికెట్ సరిపోతుంది. ఉదాహరణకు "వీపీఎన్.మాసంస్థ.ఇన్" అనే పేరు తీసుకున్నామనుకుందాం. ఆ పేరుకు పబ్లిక్ డీఎన్‌ఎస్‌లో (పేర్లను ఐపీ అంకెలుగా మార్చి చెప్పే వ్యవస్థలో) ఏ-రికార్డు, అంటే ఆ పేరు ఏ ఐపీదో చెప్పే నమోదు, ఉండాలి, ఉద్యోగులు కూడా ఇకపై ఐపీ అంకెలు కాకుండా ఆ పేరునే టైపు చేయాలి. అంకెలు కొట్టినంత కాలం సర్టిఫికెట్ ఎంత ఖరీదైనదైనా హెచ్చరిక వస్తూనే ఉంటుంది.

ఇంట్లో పెట్టుకున్న ".లోకల్" పేర్లకు, 192.168తో మొదలయ్యే ప్రైవేట్ ఐపీలకు పబ్లిక్ జారీ సంస్థలు సర్టిఫికెట్లు ఇవ్వవు. 2015 నవంబరు 1 తరువాత కూడా చెల్లేలా అలాంటివి ఇవ్వకూడదని నియమం వచ్చింది, మిగిలిపోయిన వాటిని 2016 అక్టోబరులో రద్దు చేశారు. ఒక డొమైన్ కింది పేర్లన్నిటికీ కలిపి ఇచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకుంటే అది ఒక్క మెట్టుకే వర్తిస్తుంది: "వీపీఎన్.మాసంస్థ.ఇన్"కు చెల్లుతుంది గానీ "వీపీఎన్.వరంగల్.మాసంస్థ.ఇన్"కు చెల్లదు. పైగా ఒకే వైల్డ్‌కార్డ్ కీని వెబ్ సర్వరులో, మెయిల్ సర్వరులో, ఫైర్‌వాల్‌లో పంచి పెట్టుకుంటే, వాటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా మిగిలినవన్నీ మార్చుకోవలసి వస్తుంది. ఫైర్‌వాల్‌కు విడిగా ఒక పేరు, విడిగా ఒక కీ ఉండడమే మేలని నా అభిప్రాయం.

పేరు పెట్టేటప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. బ్రౌజర్లు నమ్మే సర్టిఫికెట్లు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అనే బహిరంగ చిట్టాలలో నమోదవుతాయి. 2018 నుంచి క్రోమ్ దీన్ని తప్పనిసరి చేసింది. ఆ చిట్టాలను ఎవరైనా వెతికి చూడవచ్చు. "ఫైర్‌వాల్-అడ్మిన్" అని పేరు పెట్టి సర్టిఫికెట్ కొంటే, మన ఇంటి తలుపు ఎక్కడుందో ఊరందరికీ బోర్డు రాసి చూపించినట్టే. అందుకే అడ్మిన్ పేజీకి సొంత సీఏ సర్టిఫికెట్ చాలుననీ, కొన్నదాన్ని ఉద్యోగులు చూసే వీపీఎన్‌కు, పోర్టల్‌కు వాడమనీ నేను చెబుతాను. అడ్మిన్ పేజీకి కొన్న సర్టిఫికెట్ పెట్టినవారు, ఇక సురక్షితమే కదా అని దాన్ని ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచడం ఇంకా పెద్ద తప్పు. ఆ పేజీ లోపలి నెట్‌వర్కుకు, అదీ ఎంపిక చేసిన కొన్ని ఐపీలకు మాత్రమే కనిపించాలి.

సీఎస్‌ఆర్ తయారు చేయడం

సర్టిఫికెట్ కోసం మనం పెట్టుకునే అర్జీయే సీఎస్‌ఆర్. దీన్ని ఫైర్‌వాల్ మీదనే తయారు చేయాలి. కొందరు వెండర్లు "ఆ శ్రమ మీకెందుకు, కీ, సీఎస్‌ఆర్ రెండూ మేమే చేసి మెయిల్ చేస్తాం" అంటారు. అలా చేస్తే ప్రైవేట్ కీ అవతలివారి కంప్యూటరులో పుట్టి, మెయిల్ పెట్టెల్లో తిరిగి, చివరికి మన దగ్గరికి చేరుతుంది. ఫైర్‌వాల్‌లో చేస్తే కీ అక్కడే పుట్టి అక్కడే ఉంటుంది. బయటికి వెళ్లేది అర్జీ మాత్రమే.

ముందుగా కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకోండి, పరికరం గడియారం సరిగా ఉందో లేదో చూడండి. తరువాత సిస్టమ్ మెనూలో సర్టిఫికెట్స్ పేజీ తెరవండి. ఆ పేజీయే కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. కొత్త వెర్షన్లలో సిస్టమ్ కింద ఫీచర్ విజిబిలిటీలోకి వెళ్లి సర్టిఫికెట్స్ అన్న మీట వేస్తే మెనూలోకి వస్తుంది. అక్కడ క్రియేట్/ఇంపోర్ట్ నొక్కి, జనరేట్ సీఎస్‌ఆర్ ఎంచుకోండి.

సర్టిఫికెట్ నేమ్ అన్నది పరికరం లోపల మన గుర్తుకోసం పెట్టుకునే పేరు. ఇందులో సంవత్సరం, నెల చేర్చండి, "వీపీఎన్-2026-04" అన్నట్టుగా. ఎందుకో రెన్యూవల్ దగ్గర తెలుస్తుంది. ఐడీ టైప్‌లో డొమైన్ నేమ్ ఎంచుకుని, పూర్తి పేరు ఇవ్వండి. ముందు హెచ్‌టీటీపీఎస్ గాని, వెనక గీత గాని ఉండకూడదు. సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ గడిలో "డీఎన్‌ఎస్" అని రాసి, కోలన్ పెట్టి, అదే పేరును మళ్లీ ఇవ్వండి. అదనపు పేర్లుంటే కామాతో చేర్చండి. 2017లో వచ్చిన క్రోమ్ 58 నుంచి బ్రౌజరు చూసేది ఈ గడిలోని పేర్లనే, పాత కామన్ నేమ్‌ను కాదు.

డొమైన్ ధ్రువీకరణ మాత్రమే ఉన్న చౌక రకం కొంటే మిగిలిన వివరాలకు అంత విలువ లేదు. సంస్థ ధ్రువీకరణ ఉన్న ఓవీ రకం కొంటే మాత్రం ప్రతి అక్షరమూ ముఖ్యమే. సంస్థ పేరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే, ప్రైవేట్ లిమిటెడ్‌తో సహా రాయాలి. రాష్ట్రం పేరు పూర్తిగా తెలంగాణ అనో ఆంధ్రప్రదేశ్ అనో ఇవ్వాలి, వాహనాల నంబరు ప్లేటు మీది పొడి అక్షరాలు కాదు. దేశం గడిలో ఇండియా. ఆర్గనైజేషన్ యూనిట్ గడిని ఖాళీగా వదిలేయండి. 2022 సెప్టెంబరు నుంచి పబ్లిక్ సర్టిఫికెట్లలో ఆ వివరాన్ని చేర్చడమే లేదు.

కీ టైప్ దగ్గర ఆర్‌ఎస్‌ఏ, సైజు దగ్గర 2048 తీసుకోండి. 4096 తీసుకుంటే ప్రతి కొత్త కనెక్షన్‌కూ ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది, చిన్న మోడళ్లలో అది తెలుస్తుంది కూడా. ఎన్‌రోల్‌మెంట్ మెథడ్ ఫైల్ బేస్డ్‌గా ఉంచి ఓకే నొక్కితే, జాబితాలో కొత్త వరస ఒకటి పెండింగ్ అన్న గుర్తుతో కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని డౌన్‌లోడ్ చేసుకోండి.

ఆ పెండింగ్ వరసను ఇక ఎవరూ ముట్టుకోకూడదు. ప్రైవేట్ కీ ఉన్నది అందులోనే. కొన్నేళ్ల కిందట ఒక సంస్థలో నేనే ఈ పొరపాటు చేశాను. సీఎస్‌ఆర్ పంపించాక ఊరి పేరులో ఒక అక్షరం తప్పు పడిందని గమనించి, పాత వరసను తొలగించి, సరిచేసి కొత్తది తయారు చేసి పెట్టుకున్నాను. కొత్తది పంపడం మాత్రం మరచిపోయాను. శనివారం రాత్రి పదకొండింటికి, అందరూ పడుకున్నాక మార్చుదామని కూర్చుంటే, వచ్చిన సర్టిఫికెట్ పాత కీకి చెందినది, ఆ కీ అప్పటికే మట్టిలో కలిసిపోయింది. ఇంపోర్ట్ ఎన్నిసార్లు చేసినా విఫలమైంది. చివరికి రీ-ఇష్యూ (అదే ఆర్డరు మీద మళ్లీ జారీ) అడిగి, సోమవారం దాకా ఆగవలసి వచ్చింది. అప్పటి నుంచి సీఎస్‌ఆర్ తయారు కాగానే మరో బ్యాకప్ తీసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి భద్రం చేస్తాను. ఈలోగా పెట్టె పాడై బదులు పెట్టె వచ్చినా, అదే బ్యాకప్ నుంచి కీ తిరిగి వస్తుంది.

జారీ సంస్థ చేసే పరీక్ష

సీఎస్‌ఆర్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరసలో గీతల మధ్య "బిగిన్ సర్టిఫికెట్ రిక్వెస్ట్" అనీ, చివర "ఎండ్ సర్టిఫికెట్ రిక్వెస్ట్" అనీ ఉంటుంది. ఆ రెండు వరసలతో సహా మొత్తం కాపీ చేసి ఆర్డరు ఫారంలో అతికించాలి. వర్డ్‌లో తెరిచి కాపీ చేస్తే మాత్రం ఆ గీతలు వేరే గీతలుగా మారిపోయే ప్రమాదం ఉంది.

డొమైన్ మనదేనని రుజువు చేయడానికి సాధారణంగా మూడు మార్గాలు ఇస్తారు: డొమైన్ మీద ఉన్న అడ్మిన్, పోస్ట్‌మాస్టర్ వంటి నిర్ణీత చిరునామాకు మెయిల్, వెబ్‌సైటులో ఒక ఫైలు పెట్టడం, డీఎన్‌ఎస్‌లో ఒక రికార్డు చేర్చడం. ఫైర్‌వాల్ పేరు మీద వెబ్‌సైటు ఏదీ ఉండదు కనుక ఫైలు పద్ధతి ఇక్కడ ఇబ్బంది. వైల్డ్‌కార్డ్‌కైతే 2021 చివరి నుంచి ఆ పద్ధతి చెల్లదు కూడా. డీఎన్‌ఎస్ రికార్డే సుఖం. ఒకవేళ మీ డొమైన్‌కు, ఏ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవచ్చో చెప్పే సీఏఏ అనే డీఎన్‌ఎస్ రికార్డు ఉంటే, అందులో మీరు కొంటున్న సంస్థ పేరు ఉందో లేదో ముందే చూసుకోండి; లేకపోతే మిగిలినవన్నీ సరిగా ఉన్నా జారీ ఆగిపోతుంది. ఓవీ రకానికి దీనికి తోడు సంస్థ నమోదు వివరాల పరిశీలన, ఫోన్ పిలుపు ఉంటాయి. ఆ పిలుపు బహిరంగంగా దొరికే నంబరుకు వస్తుంది కాబట్టి రిసెప్షన్‌లో ఉన్నవారికి ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకుంటే ఏదో కార్డులు అమ్మే పిలుపనుకుని పెట్టేస్తారు.

వచ్చిన ఫైళ్లను గుర్తుపట్టడం

సాధారణంగా ఒక జిప్ ఫైలు వస్తుంది. అందులో మన పేరుతో ఒక సర్టిఫికెట్, బండిల్ అనో చైన్ అనో పేరున్న మరో ఫైలు, కొన్నిసార్లు రూట్ కూడా ఉంటాయి. ఫైలు కొస పేరు సీఆర్‌టీ, సీఈఆర్, పీఈఎం ఏదైనా కావచ్చు. కొసను చూసి కాక, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసి నిర్ణయించండి. "బిగిన్ సర్టిఫికెట్" అని చదవగలిగేలా ఉంటే మనకు కావలసిన రకమే. పిచ్చి అక్షరాలు కనిపిస్తే అది బైనరీ రూపం. విండోస్‌లో ఆ ఫైలును తెరిచి, డీటెయిల్స్‌లో కాపీ టు ఫైల్ నొక్కి, బేస్-64 రూపంలో భద్రపరచుకోవచ్చు.

ఇక ఇంటర్మీడియట్ సంగతి. మన వైపు ఇంటర్మీడియట్ అంటే పదో తరగతి తరువాతి రెండేళ్ల చదువు కనుక, కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను దీన్ని ఇలాగే చెబుతాను: ఉద్యోగానికి వెళ్లినవాడు డిగ్రీ పట్టా చూపించాడు, పదో తరగతి మెమో అవతలివారి దగ్గర ముందే ఉంది, మధ్యలో ఇంటర్ మెమో మాత్రం తేలేదు. తెలిసిన ఆఫీసరైతే కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుంటాడు, కొత్త ఆఫీసరైతే ఫైలు తిప్పి పంపుతాడు. బ్రౌజర్లూ అంతే. కొన్ని బ్రౌజర్లు తప్పిపోయిన ఇంటర్మీడియట్‌ను సర్టిఫికెట్‌లోనే రాసి ఉన్న చిరునామా నుంచి తెచ్చుకుంటాయి, లేదా ఇంతకుముందు ఎక్కడో చూసినదాన్ని గుర్తుంచుకుంటాయి. చాలా మొబైల్ యాప్‌లు, ఇతర ప్రోగ్రాములు ఆ శ్రమ తీసుకోవు. "నా ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది, మేనేజరుగారి ఫోన్‌లోనే రావడం లేదు" అన్న ఫిర్యాదు వినగానే నేను మొదట వెతికేది ఇంటర్మీడియట్ కోసమే.

ఇంపోర్ట్ చేయడం

మొదట ఇంటర్మీడియట్‌ను ఎక్కించండి. సర్టిఫికెట్స్ పేజీలో క్రియేట్/ఇంపోర్ట్ కింద సీఏ సర్టిఫికెట్ ఎంచుకుని, ఫైల్ అన్న దారిలో బండిల్‌ను ఇవ్వండి. అది జాబితాలో "సీఏ-సర్ట్-1" వంటి పేరుతో చేరుతుంది. బండిల్‌లో రెండు మూడు ఇంటర్మీడియట్లు ఉంటే, అన్నీ చేరాయో లేదో జాబితాలో లెక్క చూసుకోండి. చేరకపోతే ఫైలును నోట్‌ప్యాడ్‌లో విడగొట్టి ఒక్కొక్కటిగా ఎక్కించండి. రూట్‌ను కనెక్ట్ అయ్యేవారికి పంపవలసిన పని లేదు, అది వారి యంత్రంలో ముందే ఉంటుంది.

తరువాత మన సర్టిఫికెట్. క్రియేట్/ఇంపోర్ట్, సర్టిఫికెట్, ఇంపోర్ట్ సర్టిఫికెట్ వరసలో వెళ్లి, లోకల్ సర్టిఫికెట్ రకాన్ని ఎంచుకుని ఫైలు ఇవ్వండి. ఫోర్టిగేట్ తన దగ్గరున్న పెండింగ్ కీలలో దీనికి సరిపోయేదాన్ని వెతికి జత చేస్తుంది, పెండింగ్ గుర్తు పోయి చెల్లుబాటు అన్న గుర్తు వస్తుంది. పెండింగ్ అలాగే ఉండిపోయినా, ఇంపోర్ట్ విఫలమైనా, ఈ సర్టిఫికెట్ ఆ కీకి చెందినది కాదని అర్థం. వీడామ్‌లుగా (ఒకే పెట్టెలో విడివిడి ఫైర్‌వాల్‌లుగా) విభజించిన పెట్టెల్లో మరో తిరకాసు ఉంది: ఒక వీడామ్‌లో సీఎస్‌ఆర్ చేసి మరో వీడామ్‌లో ఇంపోర్ట్ చేయబోతే అక్కడ ఆ కీ కనిపించదు. రెండు పెట్టెలు జతగా హెచ్‌ఏలో (ఒకటి ఆగితే రెండోది అందుకునే ఏర్పాటులో) నడుస్తుంటే మాత్రం మొదటిదానిలో ఎక్కిస్తే చాలు, రెండోదానికి అదే చేరుతుంది.

కీ వేరేచోట పుట్టిన సందర్భంలో, అంటే ఇప్పటికే వెబ్ సర్వరులో ఉన్న వైల్డ్‌కార్డ్‌ను తేవలసి వస్తే, కీ, సర్టిఫికెట్ కలిసి ఉన్న పీఎఫ్‌ఎక్స్ ఫైలును పాస్‌వర్డ్‌తో ఎగుమతి చేసి, పీకేసీఎస్-12 రకం కింద ఇంపోర్ట్ చేయాలి. పని కాగానే ఆ ఫైలును డౌన్‌లోడ్స్ ఫోల్డరు నుంచి, రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేయండి. వాట్సాప్‌లో పంపుకోవడం లాంటివి అసలు వద్దు.

పనికి పెట్టడం

ఇంపోర్ట్ చేసినంత మాత్రాన ఏదీ మారదు. ఎక్కడ వాడాలో విడిగా చెప్పాలి. ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌కైతే వీపీఎన్ మెనూలోని ఎస్‌ఎస్‌ఎల్-వీపీఎన్ సెట్టింగ్స్‌లో సర్వర్ సర్టిఫికెట్ గడిలో ఫ్యాక్టరీ సర్టిఫికెట్ స్థానంలో మన కొత్త పేరును ఎంచుకుని అప్లై చేయాలి. ఆ క్షణాన కనెక్ట్ అయి ఉన్నవారి సెషన్లు తెగవచ్చు కాబట్టి రాత్రి పూట చేయడం మర్యాద.

అడ్మిన్ పేజీకి మార్చదలిస్తే సిస్టమ్ కింద సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ సర్వర్ సర్టిఫికెట్ అన్న గడి ఉంటుంది. మార్చే ముందు ఎస్‌ఎస్‌హెచ్ (ఆదేశాలు టైపు చేసే రిమోట్ లాగిన్) ద్వారా మరో కిటికీలో లాగిన్ అయి ఉండండి. పేజీ తిరిగి రాకపోతే, కమాండ్ లైన్‌లో సిస్టమ్ గ్లోబల్ విభాగంలోని అడ్మిన్ సర్వర్ సర్ట్ విలువను పాత పేరుకు మార్చి బయటపడవచ్చు.

క్యాప్టివ్ పోర్టల్‌కు సర్టిఫికెట్‌ను యూజర్ అండ్ అథెంటికేషన్ కింద ఉన్న అథెంటికేషన్ సెట్టింగ్స్‌లో ఎంచుకోవాలి. ఇక్కడ సర్టిఫికెట్ ఒక్కటి మారిస్తే చాలదు. ఫైర్‌వాల్ అతిథిని ఐపీ అంకెల చిరునామాకు మళ్లిస్తున్నంత వరకు పేరు కుదరక హెచ్చరిక వస్తూనే ఉంటుంది. పోర్టల్ చిరునామాగా సర్టిఫికెట్‌లోని పేరును పెట్టి, వైఫై నెట్‌వర్కు డీఎన్‌ఎస్‌లో ఆ పేరు ఫైర్‌వాల్ లోపలి ఐపీకి వెళ్లేలా చూడాలి.

లోపలి వెబ్ సర్వరును కాపాడే సందర్భంలో, ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ ప్రొఫైల్‌లో ప్రొటెక్టింగ్ ఎస్‌ఎస్‌ఎల్ సర్వర్ అన్న రకాన్ని ఎంచుకుని, ఆ సర్వరు పేరు మీదున్న సర్టిఫికెట్‌ను, కీతో సహా ఫైర్‌వాల్‌లో ఎక్కించి, ఇవ్వాలి. ఆ ప్రొఫైల్‌ను బయటి నుంచి లోపలికి వచ్చే పాలసీకి మాత్రమే తగిలించండి.

సరిగా కూర్చుందో లేదో చూడడం

పరీక్షను ఆఫీసు లోపలి నుంచి చేయవద్దు. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఆ పేరును తెరవండి. తాళం గుర్తు నొక్కి సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్లి మూడు చూడండి: పేరు మనదేనా, గడువు తేదీ కొత్తదేనా, చైన్ రూట్ దాకా ఉందా.

బ్రౌజర్లు చైన్ లోపాన్ని కప్పిపుచ్చగలవని పైన చెప్పుకున్నాం కాబట్టి, అంతటితో ఆగకుండా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రాములోని ఎస్-క్లయింట్ ఆదేశంతో, షో-సర్ట్స్ ఎంపిక చేర్చి, పేరు, పోర్టు ఇచ్చి చూడండి. చైన్‌లో సున్నా నంబరుతో మన సర్టిఫికెట్, ఒకటో నంబరుతో ఇంటర్మీడియట్ కనిపించాలి. చివర్లో వెరిఫై రిటర్న్ కోడ్ 0 అయితే అంతా సవ్యం. 20 గాని 21 గాని వస్తే ఇంటర్మీడియట్ పంపడం లేదని దాదాపు ఖాయం. 10 వస్తే గడువు తీరిన సర్టిఫికెట్ ఏదో ఇంకా నడుస్తోంది. ఆన్‌లైన్‌లో క్వాలిస్ వారి ఎస్‌ఎస్‌ఎల్ ల్యాబ్స్ పరీక్ష మంచిదే గానీ అది 443 పోర్టునే చూస్తుంది. మీ వీపీఎన్ 10443 మీద ఉంటే అది చెప్పే ఫలితం వేరే దేని గురించో అయి ఉంటుంది. సర్టిఫికెట్ మార్చే పనిలో ఉండగానే, ఎస్‌ఎస్‌ఎల్ స్థానంలో వచ్చిన టీఎల్‌ఎస్‌లో పాత వెర్షన్లు 1.0, 1.1 తెరిచి ఉన్నాయేమో చూసి మూసేయండి. ఆ రెండింటినీ 2021 మార్చిలోనే ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం ఐఈటీఎఫ్ పక్కన పెట్టింది.

రెన్యూవల్

ఒకప్పుడు మూడేళ్లకోసారి చేసే ఈ పని ఇక ఏడాదికి ఒకసారి చేసినా చాలదు. 2020 సెప్టెంబరు నుంచి గరిష్ఠ గడువు 398 రోజులుగా ఉండేది. బ్రౌజర్ల తయారీదారులు, జారీ సంస్థలు కలిసిన సీఏ/బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో ఆమోదించిన ప్రకారం, 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి ఇచ్చేవి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి ఇచ్చేవి 47 రోజులకు మించి చెల్లవు. వెండర్ మూడేళ్ల ప్లాన్ అమ్మితే అది మూడేళ్ల చందా మాత్రమే. మధ్యలో మళ్లీ మళ్లీ రీ-ఇష్యూ తీసుకుని ఎక్కించే పని మనదే.

అందువల్ల, చేతితో ఎక్కించే ఈ పద్ధతి ఇంకెన్నాళ్లు సాగుతుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఫోర్టీఓఎస్ 7.0 నుంచి ఆక్మే పద్ధతి ఉంది. ఫైర్‌వాల్ తనంతట తాను సర్టిఫికెట్ తెచ్చుకుని, గడువుకు ముందు మార్చుకుంటుంది. దానికి పెట్టె ఇంటర్నెట్ నుంచి జారీ సంస్థకు అందుబాటులో ఉండాలి. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌తో పాటు డబ్బు తీసుకునే సంస్థలు కూడా కొన్ని ఈ పద్ధతిని అందిస్తున్నాయి. ఓవీ సర్టిఫికెట్టే ఉండాలని ఆడిట్‌లో రాసుకోని చిన్న సంస్థలకు, వీపీఎన్ వరకు ఇదే నయం.

చేతితోనే చేసేవారు గడువుకు ముప్పై రోజుల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, ఒక్కరి క్యాలెండర్‌లో కాదు, కనీసం ఇద్దరి క్యాలెండర్లలో. ప్రతిసారీ కొత్త సీఎస్‌ఆర్, కొత్త కీ, కొత్త నెలతో కొత్త పేరు. పాతదాని మీదే కొత్తదాన్ని రుద్దడానికి ప్రయత్నించకండి. రెండూ పక్కపక్కన ఉంటే, కొత్తదానిలో ఏదైనా తేడా వచ్చినా గడిలో పాత పేరు ఎంచుకుని నిమిషంలో వెనక్కి రావచ్చు. ఇంటర్మీడియట్ మారిందేమో కూడా ప్రతిసారీ చూడండి, జారీ సంస్థలు దాన్ని చెప్పకుండానే మారుస్తుంటాయి. కొత్తది వారం రోజులు నిలకడగా నడిచాక పాతదాన్ని తొలగించండి. ఎక్కడైనా ఇంకా వాడుకలో ఉంటే తొలగించనివ్వకుండా ఫోర్టిగేటే ఆపుతుంది. జాబితాలో రిఫరెన్స్ కాలమ్‌లోని అంకెను నొక్కితే అది ఏ సెట్టింగ్‌కు అతుక్కుని ఉందో చూపిస్తుంది. దాన్ని కూడా కొత్త పేరుకు మార్చి, పాతది తీసేసి, చివరిగా మరో బ్యాకప్ తీసుకోండి.